కొంగు కింద పువ్వు

మా ఎదురింటి ఐర్లాండ్ ఆవిడ మొదటిసారి నా చేతిలోని లేసు పువ్వును చూసినప్పుడు, దాన్ని తటాలున కొంగు కింద దాచబోయాను. కొంగు లేదు. ఆ రోజు కుర్తా వేసుకుని ఉన్నాను. చేసేది లేక పువ్వునూ, కొక్కెం సూదినీ, దారం ఉండనూ కలిపి తొడ కింద పెట్టేసుకుని వాటి మీదే కూర్చున్నాను. సూది గుచ్చుకుంది. అయినా ముఖం మీద నవ్వు చెదరనివ్వలేదు.

"ఏం అల్లుతున్నారు?" అని ఇంగ్లిష్‌లో అడిగింది.

"ఏమీ లేదు," అన్నాను.

ఆవిడ నా తొడ కిందనుంచి బయటికి వేలాడుతున్న తెల్లదారాన్ని చూసింది, నా ముఖం చూసింది, "సరే" అని వెళ్ళిపోయింది. ఖతర్‌లోని అల్ వుకైర్‌లో మా కాంపౌండ్ ఈత కొలను దగ్గర జరిగిన సంగతి ఇది. సాయంత్రాలు పిల్లలు నీళ్ళలో ఆడుతుంటే తల్లులం ఒడ్డున బల్లల మీద కాపలా కూర్చుంటాం. ఆవిడ ఏదో స్కూల్లో టీచరు. ఆవిడ పిల్లలు పెద్దవాళ్ళై ఎక్కడో వాళ్ళ దేశంలోనే ఉన్నారు. మరి ఇక్కడ పిల్లలు లేని మనిషికి కొలను దగ్గరేం పని? ఆ రోజు ఇంటికి వెళ్ళాక కూడా నా బుర్రలో అదే తిరిగింది.

మా ఆయన నన్ను అనుమానాల పుట్ట అంటారు. నేను కాదనను. ఉల్లిపాయల సంచీ కొంటే ముందు అడుగు తిరగేసి చూస్తాను. ఉచితం అన్న బోర్డు కనిపిస్తే ఆ వరసలోకే వెళ్ళను. ఎవరైనా నా వంట బాగుందంటే, వాళ్ళకు నాతో ఏం పనిపడిందా అని ఆలోచిస్తాను. "అనుమానం పెనుభూతమే బాబూ," అని ఆయన వెక్కిరిస్తుంటారు. ఆ భూతాన్ని పాలు పోసి పెంచింది మా పుట్టింటి లేసు.

మాది నరసాపురం దగ్గర ఊరు. ఆ చుట్టుపక్కల ఆడవాళ్ళు వంట అయిపోగానే అరుగు మీద కూర్చుని లేసు అల్లుతారు. ఏజెంటు దారం ఇచ్చి వెళ్తాడు, మళ్ళీ వచ్చి అల్లిన ముక్కలు పట్టుకెళ్తాడు. ఒక ఇంట్లో ఆకులు, ఒక ఇంట్లో అంచు, ఒక ఇంట్లో పువ్వులు. అన్నీ ఒకచోటికి చేర్చి అతికేవాళ్ళు వేరే ఉంటారు. ఎవరి ముక్క వారిదే, ఎవరి పనితనం వారిదే. మా ఇంటిది రేకు మీద రేకు లేచే గులాబీ. ఆ గులాబీ మా నాయనమ్మ చేతి నుంచి అమ్మ చేతికి వచ్చింది. చుట్టుపక్కల ఇంకే ఇంట్లోనూ అది కుదిరేది కాదు.

అందుకే గుమ్మంలో చెప్పుల చప్పుడైతే చాలు, అమ్మ చేతిలోని పువ్వు కొంగు కిందకు వెళ్ళిపోయేది. వచ్చింది పక్కింటి పిన్ని అయినా అంతే, దేవుడి ప్రసాదం తెచ్చిన పూజారిగారి భార్య అయినా అంతే. నోటితో "రండి, కూర్చోండి" అంటూనే ఉండేది. చెయ్యి మాత్రం కొంగు కిందే ఉండేది. వాళ్ళు వెళ్ళాక, "చూశావా, కళ్ళు ఇటే తిప్పుతోంది. ఏ పుట్టలో ఏ పాముందో," అనేది. నేను ఆ మాట వింటూ పెరిగాను.

నాకు ఆ గులాబీ నేర్పింది అమ్మే. నేర్చుకున్నానే గానీ, నాకు ఏనాడూ సరిగ్గా కుదరలేదు. అమ్మ పువ్వు విస్తరాకులా చదునుగా పరుచుకునేది. నాది అంచులు పైకి లేచి దొప్పలా ముడుచుకునేది. సూది మార్చాను, దారం మార్చాను, బిగించి అల్లాను, వదులుగా అల్లాను. తడిపి, ఇస్త్రీ చేసి, లావు పుస్తకాల కింద పెట్టాను. పుస్తకం తీయగానే మళ్ళీ దొప్పే. "నీ చేతికి రాదులేవే," అనేది అమ్మ. తిట్టినట్టు కాదు, ఈ రోజు వాన రాదులే అన్నట్టు అనేది. తర్వాత మా అన్నయ్యకు పెళ్ళయింది. లేసు ముఖమే చూడని వదిన వచ్చింది. అమ్మ దగ్గర కూర్చున్న కొద్దిరోజులకే ఆమె పువ్వు విస్తరాకు అయిపోయింది. ఆ రోజు నేను అన్నం తినలేదు.

చదువు అయింది, పెళ్ళయింది, ఖతర్ వచ్చాను, ఇద్దరు పిల్లలు పుట్టారు. ఆ పువ్వు మాత్రం నన్ను వదల్లేదు. ఊరి నుంచి వచ్చేటప్పుడల్లా పెట్టెలో పచ్చళ్ళ పక్కన దారం ఉండలు తెచ్చుకునేదాన్ని. పిల్లలు స్కూలుకు వెళ్ళాక ఏసీ గదిలో కూర్చుని అల్లేదాన్ని. ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి చదునుగా రావాలి. అది తీసుకెళ్ళి అమ్మ ఒళ్ళో పెట్టాలి. నేను ఆవిడ కూతుర్నేనని ఆవిడ చేతులకు తెలియాలి. ఇంత చిన్న కోరిక ఎవరికి చెప్పుకున్నా నవ్వుతారు కనుక ఎవరికీ చెప్పలేదు.

ఇలాంటి స్థితిలో ఉండగా ఎదురింటావిడ నా మీద స్నేహం మొదలుపెట్టింది. ఒకరోజు రొట్టె తెచ్చి ఇచ్చింది. సోడా వేసి కాల్చిన గట్టి రొట్టె. నేను తీసుకుని, థాంక్స్ చెప్పి, తలుపు వేసి, దాన్ని అన్ని వైపులా తిప్పి చూశాను. మా ఆయన ముక్క విరుచుకుని తినేశారు. "విషం లేదు," అన్నారు నోరు నిండా పెట్టుకుని. తర్వాత శనివారం పొద్దున వాళ్ళింట్లో అల్లికల కూడిక ఉందనీ, రమ్మనీ పిలిచింది. బిర్కత్ అల్ అవామిర్‌లో కూలీల క్యాంపుల్లో ఉండేవాళ్ళ కోసం ఊలు టోపీలు అల్లుతారట. ఎడారిలో ఊలు టోపీలు! అందులో ఏదో మతలబు ఉందనుకున్నాను. మమ్మల్ని అప్పుడప్పుడు బజారుకు తీసుకెళ్ళే నిజామాబాద్ డ్రైవర్‌ని అడిగితే, "నిజమే మేడం. జనవరిల పొద్దుగాల డ్యూటీ బస్సెక్కాలంటే చెవులు పోతయి. నాకూ ఒకటి ఇచ్చిండ్రు," అన్నాడు. అయినా నమ్మబుద్ధి కాలేదు.

వెళ్ళాను. టోపీలు అల్లడానికి కాదు, ఆవిడ ఆట ఏమిటో కనిపెట్టడానికి. హాల్లో ఐర్లాండ్ వాళ్ళే ఎక్కువ. పొడుగాటి సూదులు రెండేసి పట్టుకుని, చేతుల వంక చూడకుండానే అల్లుతూ, ఆగకుండా మాట్లాడుతున్నారు. నేను ఒక మూల కూర్చుని అందరి చేతులూ గమనించాను. ఎవరూ ఏదీ దాచడం లేదు. అది నాకు మరీ అనుమానంగా తోచింది.

అప్పుడు ఎదురింటావిడ నా పక్కకు జరిగి ఫోన్ తెరిచి ఒక ఫొటో చూపించింది. నల్లగుడ్డ మీద పరిచిన పాత లేసు కాలరు. దాని మధ్యలో మా గులాబీ. రేకు మీద రేకు, అచ్చం మాదే.

"ఆ రోజు కొలను దగ్గర మీ చేతిలో ఉన్నదాన్ని ఒక్క క్షణం చూశాను. మా పిన్ని అల్లే గులాబీలా అనిపించింది. అందుకే అడిగాను," అంది. "ఈ కాలరు మా అమ్మమ్మదట."

నేను తలనొప్పి అని చెప్పి లేచి వచ్చేశాను. ఇంటికి రాగానే మా ఆయనతో, "దొంగది. మన పువ్వు ఫొటో తీసి ఎప్పుడో పంపించేసింది. వాళ్ళ పిన్ని అల్లేసింది," అన్నాను.

"పాత కాలరు అన్నావు కదే."

"టీ నీళ్ళలో ముంచితే ఏ గుడ్డైనా పాతదవుతుంది."

ఆయన ల్యాప్‌టాప్ మూసేసి నా వంక జాలిగా చూశారు. ఆయనదీ పాలకొల్లు వైపే. వాళ్ళింట్లోనూ మా అత్తగారు లేసు అల్లేవారు. "అసలు మన వైపు లేసు నేర్పింది ఓడలెక్కి వచ్చిన తెల్లదొరసానులేనని మా తాతయ్య అనేవాడు. వాళ్ళదే మనం పట్టుకున్నామేమో," అన్నారు. ఆ మాటకు ఆయనతో పూటంతా మాట్లాడలేదు.

కానీ ఆ ఫొటో నన్ను నిద్రపోనివ్వలేదు. దొంగతనం వల్ల కాదు. ఆ గులాబీ చదునుగా ఉంది. నల్లగుడ్డ మీద విస్తరాకులా, ఎక్కడా అంచు లేవకుండా పరుచుకుని ఉంది. ఎవరో పరాయిదేశపు ముసలావిడ చేతికి వచ్చినది నా చేతికి ఎందుకు రాదు? మర్నాడు నేనే ఎదురింటి తలుపు కొట్టాను. మీ పిన్నిని చూడవచ్చా అని అడిగాను. ఆవిడ ముఖం వెలిగిపోయింది. వేసవి సెలవులకు ఇంటికి వెళ్తున్నాననీ, మమ్మల్నీ రమ్మనీ అంది. ఇంత సులువుగా ఒప్పుకున్నదేమిటా అని మళ్ళీ ఒక అనుమానం.

పిల్లల్ని సెలవులకు మా అత్తగారింటికి పంపి, వీసాలు తెచ్చుకుని ఆయనా నేనూ బయలుదేరాం. విమానాశ్రయానికి తీసుకెళ్ళింది నిజామాబాద్ డ్రైవరే.

"ఇండియాకా మేడం?"

"ఐర్లాండ్‌కి."

"గదేడుంటది?"

"లండన్ అవతల."

"ఏడికి పోయినా మా ఊర్ల మాత్రం దుబాయ్ పోయిండ్రనే అంటరు," అని నవ్వాడు. "గాడ ఏం పని మేడం?"

"లేసు చూడ్డానికి."

అద్దంలోంచి నా వంక ఒక రకంగా చూశాడు. నా పెట్టెల వంక కూడా చూశాడు. "మాఫీ ముష్కిల్, ఏం ఫికర్ లేదు," అన్నాడు గానీ, నమ్మలేదని గొంతులోనే తెలిసింది.

ఐర్లాండ్‌లో దిగినప్పటి నుంచీ వాన. మన వానలా కురిసి వెలిసేది కాదు, అడక్కుండా వచ్చి కూర్చున్న చుట్టంలా కదలనిది. డబ్లిన్ నుంచి ఎదురింటావిడ తన కారులో మమ్మల్ని పడమర తీరానికి తీసుకెళ్ళి, అక్కడి నుంచి ఉత్తరానికి తిప్పింది. దారి పొడవునా గొర్రెలు. వాటి వీపుల మీద నీలం, ఎరుపు రంగుల మచ్చలు. ఎందుకని అడిగితే, ఎవరి గొర్రెలు వారికి తెలియడానికి అంది. అంటే ఇక్కడా దొంగలున్నారన్నమాట. నాకు ఆ దేశం మీద మొదటిసారి కొంచెం గురి కుదిరింది.

ఒక ఊళ్ళో ఊలు దుకాణంలోకి వెళ్ళాం. చేత్తో అల్లినవని రాసి పెట్టిన స్వెట్టర్లు వేలాడుతున్నాయి. నేను ఒకటి తీసి లోపలి వైపు తిప్పాను. చేత్తో అల్లినదో యంత్రం అల్లినదో లోపల కుట్లు చెబుతాయి. దుకాణం ఆవిడ నడుం మీద చేతులు పెట్టుకుని చూస్తోంది.

"నమ్మకం లేదా?" అంది.

"లేదు," అన్నాను.

మా ఆయన గొర్రెల బొమ్మల వైపు వెళ్ళిపోయారు. దుకాణం ఆవిడ మాత్రం పకపకా నవ్వి, లోపలి నుంచి ఇంకో స్వెట్టర్ తెచ్చి, దాన్ని కూడా తిప్పి నా ముందు పరిచింది. ఒక అతుకు చూపించి, అది అల్లినావిడ తొందరలో ఉండి అక్కడ తప్పు చేసిందని చెప్పింది. ఆ తర్వాత నా చున్నీ అంచు పట్టుకుని, అడక్కుండానే తిరగేసి చూసింది. నాకు ఒళ్ళు మండింది. ఆ వెంటనే నవ్వు కూడా వచ్చింది. ఆ సాయంత్రం ఊరి లైబ్రరీలో కూడిన అల్లికల ఆడవాళ్ళ దగ్గరికి ఆవిడే మమ్మల్ని తీసుకెళ్ళింది. అక్కడా అంతే. పలకరింపు కంటే ముందు నా చున్నీ చేతులు మారింది, ప్రతి ఒక్కరూ వెనక వైపే చూశారు. టీ మాత్రం బాగా ఇచ్చారు.

చివరికి పిన్నిగారింటికి చేరాం. ఉత్తరాన, సరిహద్దు దగ్గర, తడిసిన పొలాల మధ్య చిన్న ఇల్లు. బాగా పెద్దావిడ. వంటగదిలో పొయ్యి పక్కన కుర్చీలో కూర్చుని ఉంది. మేము గుమ్మంలో అడుగు పెట్టామో లేదో, ఆవిడ చేతిలో ఉన్నదేదో నడుముకు కట్టుకున్న ఏప్రన్ కిందకు వెళ్ళిపోయింది.

నేను గుమ్మంలోనే ఆగిపోయాను. ఆ చెయ్యి కదలిక నాకు పుట్టినప్పటి నుంచీ తెలుసు.

"ఎవరు పంపారు ఈవిణ్ణి? ఏ దుకాణం వాళ్ళు?" అని ఆవిడ ఎదురింటావిడను అడిగింది, నేను అక్కడ లేనట్టే.

"ఎవరూ పంపలేదు పిన్నీ, నా స్నేహితురాలు. ఖతర్ నుంచి వచ్చింది."

"ఖతర్‌లో లేసు ఎవరిక్కావాలి?"

నేను కుర్చీలో కూర్చుని నా సంచీని ఒళ్ళో పెట్టుకుని రెండు చేతులూ దాని మీద వేసుకున్నాను. ఆవిడ నా సంచీ వంక చూస్తోంది, నేను ఆవిడ ఏప్రన్ వంక చూస్తున్నాను. ఆవిడ చూపించదు, నేను చూపించను. ఎదురింటావిడ టీ పోసింది, కేకు కోసింది, వాన గురించి మాట్లాడింది. మా ఆయన కూడా వాన గురించి మాట్లాడారు. ఇంత దూరం వచ్చి ఇద్దరు ఆడవాళ్ళు మూటలు పట్టుకుని కూర్చుంటారని ఆయనకు ముందే తెలిసినట్టుంది, హాయిగా కేకు తిన్నారు.

చివరికి నాకే విసుగొచ్చింది. నాది ఎలాగూ కుదరని పువ్వు. దాన్ని చూసి దొంగిలించేదేముంది? దొప్పను దొంగిలించినా దొప్పే వస్తుంది. సంచీ తెరిచి పువ్వు తీసి ఆవిడ చేతిలో పెట్టాను.

ఆవిడ ముందు వైపు చూడనే లేదు. పువ్వును బోర్లించి, కళ్ళద్దాలు పైకి నెట్టి, రేకుల వెనక ఉండే గొలుసు వరసను గోటితో ఒక్కొక్కటే పక్కకు నెడుతూ చూసింది. రేకులు నిలబడడానికి వెనక అల్లే వరస అది. ముందు నుంచి కనిపించదు. చాలాసేపు చూసి, తల ఎత్తి, మొదటిసారి నన్ను సూటిగా చూసింది.

"ఇది నీకెవరు నేర్పారు? పక్కింటివాళ్ళా?"

"మా అమ్మ."

ఆవిడ పువ్వును నా అరచేతిలో పెట్టి, నా వేళ్ళు మూసింది. తర్వాత మెల్లిగా చెప్పింది. వాళ్ళ వైపు కూడా ఒక్కో ఇంటిది ఒక్కో పువ్వట. తలుపు చప్పుడైతే ఏప్రన్ కింద పెట్టేవారట. నేర్పక తప్పనివాళ్ళకు నేర్పాల్సి వస్తే, వెనక వరసలో ఒక కుట్టు తక్కువ చెప్పి నేర్పేవారట. చూస్తే అంతా ఒకటే. అల్లితే మాత్రం ఎన్నటికీ పరుచుకోదు. "మా ఇంట్లో పూర్తి పువ్వు కొడుకుల భార్యలకే. కూతుళ్ళు ఇంకో ఇంటికి పోతారు కదా, పట్టుకుపోతారని," అంది. "నాకూ మా అమ్మ చెప్పలేదు. ఆవిడ పోయాక, మా వదిన చెప్పింది."

లోకంలో నేను అనుమానించనివాళ్ళు లేరు. పాలవాణ్ణి, బ్యాంకువాణ్ణి, కట్టుకున్న మొగుణ్ణి, రొట్టె తెచ్చిన ఎదురింటావిణ్ణి, గొర్రెల్ని కూడా అనుమానించాను. ఇన్నేళ్ళూ ఒక్కసారైనా అమ్మ చెప్పినదాన్ని తిరగేసి చూడాలని నాకు తట్టలేదు. నా చెయ్యి మంచిది కాదనుకున్నాను గానీ, ఆ మాట చెప్పిన నోటిని అనుమానించలేదు. నాకు ఏడుపు రాలేదు. చెవులు వేడెక్కేంత కోపం వచ్చింది. ఆ కోపంతోనే అక్కడే కూర్చుని పువ్వును వెనక వరస దాకా విప్పాను.

నేను సూది తీయగానే ముసలావిడ తన కుర్చీని చరచరా లాక్కుని కిటికీ వైపు తిరిగి కూర్చుంది. ఎదురింటావిణ్ణి కూడా, "నువ్వూ అటు తిరుగు," అని గదమాయించింది. నా ఇంటి పువ్వు నేను సరిచేసుకుంటుంటే చూడకూడదని. నేను ఒక కుట్టు కలిపి అల్లాను. తర్వాత రేకులు అల్లాను. బయట వాన పడుతూనే ఉంది, వాళ్ళిద్దరూ కిటికీలోంచి వానను చూస్తూనే ఉన్నారు. పూర్తయ్యాక పువ్వును బల్ల మీద పెట్టి చెయ్యి తీశాను. అది కదలకుండా పరుచుకుని ఉంది. ఇస్త్రీ లేదు, పుస్తకాల బరువు లేదు.

"అయిందా?" అంది ముసలావిడ, ఇటు తిరక్కుండానే.

"అయింది," అన్నాను. మా ఆయన పువ్వు వంక చూసి, నా వంక చూసి, తినబోతున్న కేకు ముక్క కింద పెట్టేశారు.

అల్ వుకైర్‌కు తిరిగి వచ్చాక నేను అమ్మకు ఫోన్ చేయడం తగ్గించాను. ఆవిడే చేస్తే, "పనిలో ఉన్నాను" అనేదాన్ని. పాతవన్నీ తవ్వుకున్నాను. నాకు నేర్పేటప్పుడు వెనక వరస దగ్గరికి రాగానే, "పొయ్యి మీద పాలు చూసి రావే," అనేది. ఎన్నిసార్లు అందో. నేను వచ్చేసరికి పువ్వు ఆ వరస దాటి ఉండేది. ఆ వరస ఎలాగో నోటితోనే చెప్పేది. నేను నిజంగానే వెళ్ళి పాలు చూసేదాన్ని. పాలు ఎప్పుడూ పొంగలేదు. అప్పుడైనా అర్థం కావద్దా! నా పాలలోనే నీళ్ళు కలిసిన సంగతి తెలియకుండా నేను ఊరందరి పాలూ పరీక్షించాను. కొన్ని రోజులు అందరి మీదా అరిచాను.

చలికాలంలో అమ్మ విజిట్ వీసా మీద వచ్చింది. ముందే అనుకున్న ప్రయాణం, వద్దనలేకపోయాను. రాగానే ఆవిడ అనుమానాలు మొదలయ్యాయి. కుళాయిలో నీళ్ళు పొయ్యి లేకుండా వేడిగా ఎందుకొస్తున్నాయి? పాలు ఇన్ని రోజులు విరక్కుండా ఎలా ఉంటున్నాయి? ఎదురింటి తెల్లావిడ రోజూ చెయ్యెందుకు ఊపుతోంది? "ఏంటే ఆవిడ? మనింటి వంకే చూత్తాది?" మా ఆయన నవ్వు ఆపుకోలేక బాల్కనీలోకి వెళ్ళిపోయేవారు.

ఒక శనివారం పొద్దున పిల్లలూ ఆయనా వక్రా బీచ్‌కి వెళ్ళారు. వెనక వరండాలో నీరెండలో అమ్మ కూర్చుని ఉంది. లోపలికి వెళ్ళి పువ్వు తెచ్చి, ఆవిడ ఒళ్ళో పెట్టాను.

అమ్మ దాన్ని బోర్లించింది. ముందు వైపు చూడలేదు. గోటితో వెనక వరసను పక్కకు నెట్టి చూసింది. నేను ఎదురుగా నిలబడే ఉన్నాను.

"మీ వదిన చెప్పిందా?" అంది తల ఎత్తకుండా.

"లేదు."

"మరెవరు చెప్పారే?"

"పాలు చూసి రమ్మన్నప్పుడల్లా వెళ్ళకుండా ఉంటే, అప్పుడే తెలిసేది," అన్నాను. "ఎందుకమ్మా? ఊళ్ళోవాళ్ళకు దాచావు, సరే. నేనూ ఊళ్ళోవాళ్ళలో ఒకదాన్నా?"

అమ్మ పువ్వు అంచును వేలితో ఒత్తుతూ కూర్చుంది. అది లేవలేదు. "మీ నాయనమ్మ నా చేత ఒట్టేయించుకుందే," అంది చివరికి. "ఆడపిల్ల చేతిలో పెడితే పువ్వు అవతలింటికి ఎళ్ళిపోద్దనేది. అన్నట్టే మీ అత్తగారిదీ లేసు ఇల్లే అయింది. నేనేం చెయ్యను?"

"చేతికి రాదని అనకుండా ఉండొచ్చుగా."

ఆ మాటకు అమ్మ తల ఎత్తింది. ఆవిడ కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "నువ్వు మొదటిరోజే పట్టేశావు," అంది. "నీ చెయ్యి నాకంటే మెత్తన. నాకు బయమేసేది."

నేను ఇంకా ఏదో అనబోయాను. అనాలనుకున్నవి చాలా ఉన్నాయి, ఐర్లాండ్ నుంచీ మోసుకొచ్చినవి. ఇంతలో పక్క గేటు చప్పుడైంది. ఎదురింటావిడ, చేతిలో గుడ్డ కప్పిన రొట్టెతో, "హలో" అంటూ నేరుగా వరండాలోకి నడిచి వస్తోంది.

అమ్మ చెయ్యి చటుక్కున కదిలింది. పువ్వు కొంగు కిందకు వెళ్ళిపోయింది.

"రండి, కూర్చోండి," అంది అమ్మ తెలుగులోనే, ముఖం నిండా నవ్వుతో. ఎదురింటావిడ ఆ కొంగు వంక చూసి, నా వంక చూసి, నవ్వు దాచుకుంటూ కూర్చుంది. రొట్టె కోసింది, మా అమ్మ ఆరోగ్యం అడిగింది, టీ తాగింది. అమ్మ ఎడమ చేత్తోనే రొట్టె అందుకుని తిన్నది.

ఆవిడ వెళ్ళేదాకా అమ్మ కుడిచెయ్యి కొంగు కింద నుంచి తియ్యలేదు. దాని కింద ఉన్నది నేను అల్లిన పువ్వు.